శాకాహారులకు మాత్రమే అద్దెకివ్వబడును

నల్లగొండ పట్టణం ఇంత నిష్ఠగా శాకాహారానికి మారిపోయిన సంగతి నాకు ఇటీవలి దాకా తెలియదు. రామగిరిలోనైనా, పానగల్లు రోడ్డులోనైనా గేట్లకు వేలాడే టు-లెట్ బోర్డులను చదువుకుంటూ పోతే, 'శాకాహారులకు మాత్రమే' అన్న షరతు ఫోన్ నంబరు కంటే పెద్ద అక్షరాలతో కనిపిస్తోంది. ఆదివారం పొద్దున అదే వీధి చివర మటన్ కొట్టు ముందు సంచులు పట్టుకుని నిలబడే జనం ఏ దేశం నుంచి దిగుతున్నారన్నది పరిశోధించి తేల్చవలసిన విషయం.

ఇక్కడ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది, ప్రభుత్వ వైద్య కళాశాల 2019లో వచ్చింది. వీటికి తోడు డిగ్రీ కాలేజీలు, కానిస్టేబుల్, డీఎస్సీ కోచింగులు ఉండనే ఉన్నాయి. దేవరకొండ వైపు నుంచీ మునుగోడు వైపు నుంచీ వచ్చిన పిల్లల్లో హాస్టల్ సీటు దొరకనివారు గది వెతుక్కోక తప్పదు. వారి పుణ్యాన మేడ మీది రేకుల షెడ్డు సైతం 'సింగిల్ బెడ్‌రూమ్' హోదా పొందింది. మోటరు స్విచ్ ఓనరు చేతిలో ఉంటుంది, తాగే నీళ్ల క్యాన్ ఖర్చు కిరాయిదారుది, ఖాళీ చేసేనాడు సున్నం పేరిట అడ్వాన్సులో కోత పడుతుంది. అయినా ఇవన్నీ గది దొరికినవారి కష్టాలు కనుక వాటిని పక్కన పెడదాం.

మా ఊరి అబ్బాయి ఒకడికి గది చూడటానికి నేను కూడా వెంట వెళ్లాను. ఓనరు గారు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, మేము మెట్ల కింద నిలబడ్డాము. ఆయన గొంతు సవరించుకుని "నాన్‌వెజ్ తింటవా తమ్మీ?" అని అడిగిన క్షణానికే లోపల కుక్కర్ మూడో కూత వేసింది. అల్లం వెల్లుల్లి, గరం మసాలా, లేత పొట్టేలు కలిసిన ఆ ఘుమఘుమ కిటికీలోంచి వచ్చి మా ముగ్గురి మధ్య నిలబడింది. ఆయన కనురెప్ప కూడా కదల్చలేదు. "మా ఇంట్ల పూజలుంటయి, మాకు వాసన పడది" అని వివరించి, లోపలికి తిరిగి "బొక్కలు మెత్తగ ఉడికినయా?" అని కేకవేసి, మళ్లీ మావైపు తిరిగి పూజల ప్రాశస్త్యాన్ని కొనసాగించారు. అబ్బాయి గది కోసం మాంసం మానేస్తానన్నాడు. చేపలు మానేస్తానన్నాడు. చివరకు గుడ్డు కూడా ముట్టనన్నాడు. నాలుకను ఇంతగా జయించినవాడికి గది ఏమిటి, ఆశ్రమమే ఇవ్వవచ్చు.

ఓనరు గారు మాత్రం "గుడ్డుదేముంది గాని, ఇంటిపేరేంది?" అన్నారు. చెప్పాడు. ఆ ఇంటిపేరుతో ఆయనకు కులం తేలలేదు, అది చాలా కులాల్లో ఉంది. "ఊర్ల మీ ఇల్లు యాడ? నడిమూర్లెనా, అవతల వాడల్నా?" అని రెండో ప్రశ్న వచ్చింది. అబ్బాయి తల వంచకుండానే జవాబు చెప్పాడు. గది నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశామన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇక నవ్వటం నా వల్ల కాదు. 1951 ఏప్రిల్ 18న, అప్పటికి ఈ జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో, దళిత కుటుంబాలు వినోబా భావే ముందు నిలబడి ఎనభై ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. ఆ కథను ప్రతి సభలోనూ మనమే గొప్పగా చెప్పుకుంటాం. ఇవాళ అదే వాడల నుంచి చదువుకోవటానికి వచ్చిన పిల్లవాడు దానం అడగటం లేదు, అడ్వాన్సు చేతిలో పట్టుకుని నెల నెలా కిరాయి కడతానంటున్నాడు. అతనికి పది అడుగుల రేకుల గది ఇవ్వటానికి మనకు చేతులు రావటం లేదు. ఇంతకన్నా సిగ్గుమాలినతనం ఉంటుందా?

చట్టం తెలియదనడానికీ లేదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలన్న 1908 నాటి చట్టం ఓనర్లకు కంఠతా వచ్చు, అందుకే అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయిస్తారు. అంటరానితనం పేరిట ఒక మనిషిని ఇంట్లో ఉండనివ్వకపోవటం నేరమని చెప్పే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కూడా వారికి అంత బాగానే తెలుసునని నా అనుమానం. తెలియకపోతే 'ఫలానా కులాల వారికి ఇవ్వబడదు' అని బోర్డు మీద ఉన్నదున్నట్టు రాయించేవారే. రాస్తే పోలీసు స్టేషన్ మెట్లెక్కాలి కనుక, పొట్టేలు కూరతో చేయి కడుక్కుని వచ్చి వంకాయ చాటున దాక్కుంటున్నారు.