చదవకుండానే మార్కులా?

ఒక పరిశోధకురాలి స్థాయి తేల్చడానికి ఇప్పుడు చాలా చోట్ల ఆమె రాసింది చదవాల్సిన పనే లేకుండా పోయింది. ఎన్ని పేపర్లు, ఏ జర్నల్లో, ఎన్ని సైటేషన్లు (ఇతరులు తమ రచనల్లో ఎన్నిసార్లు ఉదహరించారు), హెచ్-ఇండెక్స్ (పేపర్ల సంఖ్యను, సైటేషన్లను కలిపి తీసే ఒకే అంకె) ఎంత... ఈ వివరాలుంటే నియామక కమిటీ పని అయిపోతుంది. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ హెచ్-ఇండెక్స్‌తో తత్వశాస్త్రాన్ని కూడా తూస్తున్నారు. ఆ తూకంలో ఏది జారిపోతుందో తెలియాలంటే స్త్రీవాద తత్వవేత్త మిరాండా ఫ్రికర్ కృషిని చూడాలి.

ఎవరి మాటకు విలువ ఇస్తున్నాం, ఆ విలువను అధికారం ఎలా నిర్ణయిస్తోందన్న ప్రశ్నపై ఆమె 1998లో ఒక వ్యాసం రాశారు. 2003లో మరో వ్యాసంలో దాన్ని ముందుకు తీసుకెళ్లారు. 2007లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఆమె పుస్తకం 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్'ను ప్రచురించింది. ఒక ఆలోచన పుస్తకంగా పండడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ పుస్తకం చూస్తే 200 పేజీలు కూడా లేదు! ఏడాదికి ఇన్ని పేపర్లని గిరిగీసే కమిటీలు ఇలాంటి పనిని ఏ ఖాతాలో వేస్తాయి?

మనిషికి జ్ఞానం విషయంలోనే అన్యాయం జరగవచ్చన్నది ఆ పుస్తకం వాదన. అందులో రెండు రకాలు చెప్పారు ఫ్రికర్. మొదటిది మనకు రోజూ కనిపించేదే. స్త్రీ అనో, నల్లజాతి వ్యక్తి అనో, చెప్పేవారి మాటను వినకముందే తక్కువ చేయడం. రెండోది అంత సులభంగా కంటపడదు. తనకు జరుగుతున్నదేమిటో చెప్పుకోవడానికి సమాజం వద్ద తగిన భావనే లేకపోవడం. దీనికి ఆమె కార్మిటా వుడ్ ఉదంతాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేసే వుడ్, ఒక ప్రొఫెసర్ చేష్టలు భరించలేక పని మానేశారు. నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేస్తే కారణం అడిగారు. ఏం రాయాలో తెలియక వ్యక్తిగత కారణాలని రాశారు. భృతి రాలేదు. 1975లో ఆమెకు తోడుగా నిలిచిన మహిళలు కూర్చుని మాట్లాడుకుంటే తేలిందేమిటంటే, దాదాపు అందరిదీ అదే అనుభవం. దానికి వారు పెట్టుకున్న పేరే లైంగిక వేధింపు. అది చట్టం నిషేధించిన లింగ వివక్షేనని అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకున్నది 1986లో.

ఫ్రికర్ పుస్తకం తత్వశాస్త్ర విభాగాల్లోనే ఉండిపోలేదు. రోగి చెప్పే బాధను వైద్యులు ఎందుకు కొట్టిపారేస్తారన్న ప్రశ్నకు తత్వవేత్తలు హావీ కారెల్, ఇయాన్ జేమ్స్ కిడ్ 2014లో ఇదే భావనను అన్వయించారు. 2017 నాటికి ఈ ఒక్క అంశంపైనే రౌట్లెడ్జ్ సంస్థ పెద్ద హ్యాండ్‌బుక్ వేసింది.

ఇంత పేరొచ్చాక సైటేషన్లూ వస్తాయి కదా, లెక్కలతో పేచీ ఏమిటని అడగవచ్చు. పేచీ లెక్క మొదలయ్యే చోటే ఉంది. 1993 నుంచి 2013 వరకు నాలుగు ప్రముఖ తత్వశాస్త్ర జర్నళ్లలోని సైటేషన్లను సమాజ శాస్త్రవేత్త కీరన్ హీలీ లెక్కించారు. ఎక్కువగా ఉదహరించిన సుమారు 500 రచనల్లో స్త్రీలు రాసినవి 4 శాతం కూడా లేవు. డేవిడ్ లూయిస్ అనే ఒక్క తత్వవేత్త వాటా అంతకంటే ఎక్కువ! స్త్రీవాద తత్వానికంటూ 'హైపేషియా' అనే ప్రత్యేక జర్నల్ 1980ల నుంచే ఉంది. కానీ స్త్రీవాద తత్వవేత్తలు అందులో ఎంత చర్చించుకున్నా ఈ నాలుగు జర్నళ్ల లెక్కలోకి రాదు. మాట విలువను మనిషిని బట్టి తగ్గించడం గురించి రాసినవారి మాటను ఇలాంటి తూకంలో వేయడం కంటే విడ్డూరం ఉంటుందా?

అంకెలు పక్కన పెడితే సిఫార్సులు రాజ్యమేలుతాయన్న భయం ఉత్తిదేమీ కాదు. దానికి మందు కూడా కమిటీల చేతిలోనే ఉంది. అభ్యర్థి తానే ఎంచి ఇచ్చిన రెండు మూడు రచనలను బయటి నిపుణులతో చదివించి, వారి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. జర్నల్ పేరు చూసి కాక రచనలోని విషయం చూసి అంచనా వేయాలని 2012 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన (పరిశోధనను ఎలా మదింపు చేయాలన్న దానిపై వచ్చినది) ఏనాడో చెప్పింది. సంతకాలు చేసిన సంస్థలు చాలానే ఉన్నాయి. వాటి నియామక పత్రాల్లో ఆ మాట ఎంతవరకు దిగిందో అవే చెప్పాలి.

ఫ్రికర్‌తో విభేదించినవారిని చూసినా చదవడం ఎందుకు అవసరమో తెలుస్తుంది. అన్యాయం ఈ రెండు రకాలతో ఆగదని తత్వవేత్త క్రిస్టీ డాట్సన్ 2012లో గట్టిగా వాదించారు. అణగారినవారి దగ్గర తమ అనుభవాన్ని చెప్పే భావనలు ఉన్నా, పైవారు వాటిని కావాలనే పట్టించుకోకపోవచ్చని మరో తత్వవేత్త గెయిల్ పోల్‌హాస్ అదే ఏడాది చూపించారు. ఫ్రికర్ కృషికి ఈ విమర్శలే అసలైన కొనసాగింపు అని మా అభిప్రాయం. సైటేషన్ పట్టికలో మాత్రం ఆ లోతైన విమర్శా ఒకటే, మర్యాదకు ఫుట్‌నోట్‌లో పేరు తగిలించి వదిలేసిన వ్యాసమూ ఒకటే.