అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు

మా ఊరి బట్టల కొట్లో గల్లాపెట్టె పైన, లక్ష్మీదేవి పటం కింద ఒక బోర్డు ఉండేది: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు." వాణిజ్య ధర్మమంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. ఆ ధర్మం వీడియో గేములు అమ్మే ఆన్‌లైన్ కొట్లలో మంట గలిసిపోతున్నదని మిక్కిలి విచారంతో మనవి చేసుకుంటున్నాను.

పోలండ్‌వాళ్లది గాగ్ అని ఒక కొట్టుంది. 2008లో పెట్టారు. మొదటినుంచీ దాని లక్షణాలు మంచివి కావు. గేముకి తాళం వెయ్యకుండా అమ్ముతారు. దింపుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే నెట్ లేకపోయినా, కొట్టువాణ్ని అడక్కపోయినా ఆడుకోవచ్చు. కొన్నది కొన్నవాడిదేనట! అది చాలదన్నట్టు 2020 ఫిబ్రవరిలో ఇంకో ఘోరం చేశారు. గేము దింపుకుని, ఆడి చూసి, నచ్చకపోతే 30 రోజుల్లోగా డబ్బు వెనక్కి అడగొచ్చన్నారు. మా నమ్మకాన్ని వాడుకోవద్దని మాత్రం బతిమాలుకున్నారు. నెల్లాళ్లు కట్టి తిరిగిన చీరని పుచ్చుకుని డబ్బులిచ్చే షావుకారు ఎక్కడైనా ఉంటాడా?

స్టీమ్ సంగతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఏళ్ల తరబడి ఆ బోర్డు పరువు నిలబెట్టిన కొట్టది. 2014లో ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ దాన్ని కోర్టుకి ఈడ్చింది. 2015 జూన్‌లో స్టీమ్ తనంతట తానే కరుణించి (కేసు నడుస్తూనే ఉందనుకోండి, అది వేరే విషయం) కొన్న 14 రోజుల్లోగా అడిగితే, ఆడింది రెండు గంటల లోపైతే, డబ్బు వాపసు ఇస్తామంది. అయినా 2016లో 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. దయాగుణానికి ఇదా బహుమానం?

ధర్మం ఒంటికాలి మీదైనా నిలబడే ఉంది లెండి. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలైందా, గేములోనే లోపం ఉంటే తప్ప, డబ్బు మాట మర్చిపోవడమే. గేములు తయారుచేసే యుబిసాఫ్ట్ వారైతే మా షావుకారు కంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. 'ద క్రూ' అనే కార్ల గేము నడవడానికి కావలసిన సర్వర్లని 2024 మార్చి 31న ఆపేసి, కొన్నవాళ్ల లైసెన్సులు (అంటే ఆడుకునే అనుమతి) కూడా లాగేసుకున్నారు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదంటే డబ్బిచ్చి తీసుకోబడదని అర్థం. ఉత్తినే అయితే భేషుగ్గా తీసుకోవచ్చు. ఇంత లోతైన భాష్యం మా ఊళ్లో ఎవరికీ తట్టలేదు.

కాలిఫోర్నియా ప్రభుత్వానికి ఇదీ నచ్చలేదు. 'కొనండి' అని బటన్ పెట్టి లైసెన్సు మాత్రమే ఇస్తున్నప్పుడు ఆ మాట పైకి చెప్పి తీరాలని 2025 జనవరి నుంచి చట్టం అమల్లో పెట్టింది. వ్యాపార రహస్యాలు ఇలా బజార్న పెడతారా?

ఈ దిగులుతోనే మా మేనల్లుణ్ని కదిలించాను. ఎండాకాలం సేల్‌లో ఏదో కొట్లో నలభై గేములు కొన్నాడు, ఆడింది ఒక్కటి.

"అక్కర్లేనివి వెనక్కిచ్చెయ్యరాదుట్రా?" అన్నాను.

"ఆడినదానికి రెండు గంటలు దాటిపోయాయి మామయ్యా. ఆడనివాటికి పద్నాలుగు రోజులు దాటిపోయాయి" అన్నాడు.

నా మనసు కాస్త కుదుటపడింది.