నాగా కాదు, సెలవు

తెలుగు ఇళ్లలో పనికి రాని రోజుకు రెండు పేర్లున్నాయి. ఇంటి యజమానురాలు ఆఫీసుకు వెళ్లకపోతే అది సెలవు. ఆమె ఇంట్లో అంట్లు తోమే మనిషి రాకపోతే అది నాగా. ఇద్దరి కారణమూ ఒకటే కావచ్చు, ఇంట్లో బిడ్డకు జ్వరం. ఒకరికి ఆ రోజు జీతం వస్తుంది, ఇంకొకరికి నెలాఖరున కోత పడుతుంది. గోడ మీది కాలెండరులో పాల లెక్క పక్కనే పెన్సిలుతో కొట్టిన ఇంటూ గుర్తులు ఆ కోతకు ఆధారం. పనిమనిషి వచ్చిన రోజులకు గుర్తు పెట్టే ఇల్లు మాకు ఇంతవరకూ కనిపించలేదు.

ఉద్యోగం చేసే తల్లులను బోనులో నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఆమె అవస్థ చిన్నది కాదు. ఉదయం ఆరున్నరకు "అమ్మా, ఈ రోజు రాలేను" అని ఫోను వస్తే సింకులో రాత్రి గిన్నెలు, పొయ్యి మీద పాలు, బడి బస్సుకు ఇరవై నిమిషాల గడువు, తొమ్మిదింటికి మీటింగు, అన్నీ ఆమె నెత్తినే పడతాయి. పేపరు మడిచి పక్కన పెడుతూ భర్త అడుగుతాడు: "నీ పనిమనిషి ఈ రోజు కూడా రాలేదా?" ఆ 'నీ' దగ్గరే ఉంది సంగతంతా. ఇల్లు ఇద్దరిది, పిల్లలు ఇద్దరి వాళ్లు, పనిమనిషి మాత్రం ఆమె మనిషి. కుదుర్చుకోవడం, జీతం మాట్లాడటం, పండుగకు చీర కొనడం, అలిగి మానేస్తే బతిమాలడం ఆమె వంతు. "ఆయాకూ వంటమనిషికీ పోను నీ జీతంలో మిగిలేదెంత?" అని అత్తింటివారో పుట్టింటివారో లెక్క వేస్తారు. అదే కూలిని భర్త జీతంలోంచి తీసివేసి చూడాలని ఆ లెక్కలు కట్టేవారికి ఎందుకో తోచదు.

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటివారి కోసం జీతం లేని ఇంటిపని చేసే మహిళలు రోజుకు 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ పనిలో చేయి పెట్టే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. ఐదేళ్లలో ఆడవారి భారం పది నిమిషాలు తగ్గితే మగవారి వాటా కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది! భార్య ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఇంట్లో పడే ఖాళీని భర్త పూడ్చడం లేదు. నగరాల్లో స్తోమత ఉన్న చోట డబ్బు పుచ్చుకుని మరొక ఆడమనిషి పూడుస్తోంది.

ఆ మరొక ఆడమనిషి కూడా ఉద్యోగం చేసే తల్లే. మన మాటల్లో ఆ పదం ఆమెకు వర్తించదు, అంతే. హైదరాబాద్‌లో బోరబండ నుంచో అడ్డగుట్ట నుంచో బయలుదేరే మనిషి తన ఇంట్లో వంట ముగించి, పిల్లలను లేపి, మన ఇళ్లలో పాల ప్యాకెట్లు లోపలికి తీసే వేళకు మొదటి గుమ్మంలో ఉంటుంది. నాలుగైదు ఇళ్లు తిరిగితే గానీ నెల గడవదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమయ్యాక దూరపు కాలనీల్లో పనికి వెళ్లే వారికి ఆ మేరకు కూలి మిగిలింది. పెద్ద గేట్ల లోపల మాత్రం ఆమెకు వేరే లిఫ్టు, వేరే గ్లాసు, బయటికి వెళ్లేటప్పుడు సంచి తనిఖీ. పనిమనిషి వివరాలు ఠాణాలో ఇవ్వాలని యజమానులకు పోలీసులు చెబుతుంటారు. మంచిదే. కానీ తాను అడుగు పెట్టబోయే ఇల్లు ఎలాంటిదో ఆమెకు చెప్పే ఠాణా ఏదీ లేదు.

చట్టం ఈ ఇంటి గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పుతూ అక్కడే నిలబడిపోయింది. ఇంటిపనికి కర్ణాటక 2004లో కనీస వేతనం ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. రెండు రాష్ట్రాల్లోనూ ఆ సంగతి తెలిసిన యజమానులు ఎందరో, తెలిసిన పనివారు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పని ప్రదేశంగా గుర్తించింది. అది నిజంగా పెద్ద అడుగు. అయితే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన, కార్మికుల వివాదాలను చూసే పారిశ్రామిక సంబంధాల స్మృతి 'పరిశ్రమ' అన్న నిర్వచనం నుంచి ఇంటి సేవను పేరు పెట్టి మరీ మినహాయించింది. గృహ కార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న చేసిన 189వ ఒడంబడికకు జెనీవాలో భారత్ అనుకూలంగా ఓటు వేసింది, ఇంటికి వచ్చాక ధ్రువీకరించలేదు. గృహ కార్మికులకు ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించడానికి నిపుణుల కమిటీ వేయమని 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించి, ఆరు నెలల్లో నివేదిక ఇవ్వాలని చెప్పింది. దేశమంతటికీ వర్తించే చట్టం కోసం ఎదురుచూపులు ఆ తర్వాతా తప్పలేదు.

ఇక్కడ మనకు బాగా తెలిసిన మరో ఊరి మాట చెప్పాలి. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వేల మంది ఆడవారు కన్నబిడ్డలను అమ్మమ్మల దగ్గర వదిలి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లారు, వెళుతున్నారు. అక్కడ వారు పడే కష్టాలు ఈ పత్రిక పాఠకులకు కొత్త కావు. పనిచేయించుకునే కఫీల్ చేతిలో బతుకు పెట్టి, పాస్‌పోర్టు లేక, జీతం అందక తిరిగి వచ్చినవారి కథలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. అయినా ఆ దేశం 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించరాదని, వారానికి ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలని, ఏడాదికి ముప్పై రోజులు జీతంతో సెలవు ఇవ్వాలని, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోరాదని అందులో రాసింది. అమలు ఎంత అధ్వానంగా ఉన్నా, అడగడానికి ఒక కాగితమైతే ఉంది. రాయచోటి నుంచి కువైట్ వెళ్లిన అక్కకు చట్టంలో వారపు సెలవు ఉంది. అదే ఇంటి నుంచి హైదరాబాద్ వచ్చిన చెల్లెలికి ఇంటిపనికంటూ అలాంటి చట్టం లేదు. ఎడారి దేశాల యజమానులను తిట్టిపోసే మన నోటికి ఇది కాస్త చేదుగానే ఉండాలి.

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే సమస్య అంట్లతో ఆగదు. "పాపను ఆడించడానికి ఊరి నుంచి ఒక పిల్లను తెచ్చుకున్నాం" అని మర్యాదస్తుల ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనిలో పెట్టడం 2006 అక్టోబరు నుంచి నేరం. 2016 సవరణ ఆ నిషేధాన్ని దాదాపు అన్ని పనులకూ విస్తరించింది. బడికి పంపుతాం, సొంత పిల్లలా చూసుకుంటాం అనే మాటలు అక్కడ చెల్లవు. ఒక బిడ్డను పెంచడానికి మరో బిడ్డ బాల్యం అద్దెకు దొరకదు.

దీనికి జవాబు శిశు సంరక్షణ కేంద్రం. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల సెలవుతో పాటు, యాభై మందీ అంతకన్నా ఎక్కువ మందీ పనిచేసే చోట క్రెష్ ఉండాలని చెప్పింది. ఎన్ని కార్యాలయాలు ఆ మాట పాటిస్తున్నాయో కార్మిక శాఖ తనిఖీ చేసి బయటపెట్టాలి. బస్తీల్లో అంగన్‌వాడీలు తల్లుల పనిగంటలకు సరిపోయేలా పొద్దున్నే తెరిచి సాయంత్రం దాకా నడిస్తే, అంట్లు తోమే తల్లి కూడా మధ్యాహ్నం దాకా గుండె చేతపట్టుకుని పని చేయనక్కరలేదు. ఆమె ఫోను చేసి రాలేనని చెప్పే ఉదయాలు తగ్గితే ఆ మేలు మొదట అందేది యజమానురాలికే.

ఈ మధ్య ఫోనులో మీట నొక్కితే పదిహేను నిమిషాల్లో మనిషి వస్తుందని కంపెనీలు ప్రకటనలు గుప్పిస్తున్నాయి. అత్యవసరానికి పనికొస్తుంది. పిల్లను ఒడిలో పెట్టుకుని అన్నం తినిపించడం రోజుకొక ముఖంతో కుదిరే పని కాదు కాబట్టి తల్లులకు దాంతో తీరేది కొంతే.

చట్టం వచ్చేలోగా ఇళ్లలో చేయగలిగింది ఉంది. ఏ పనులు, ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ తేదీన, అడ్వాన్సు ఎలా తీరాలి, నెలకు ఎన్ని సెలవులు అన్నది ఒక కాగితం మీద రాసుకుని, భార్యాభర్తలిద్దరూ, పనిచేసే మనిషీ సంతకం పెట్టుకోవాలి. చుట్టాలొస్తే అదనపు పనికి అదనపు కూలి అన్న ముక్కా అందులో ఉండాలి. "ఇంటి మనిషిలా చూసుకుంటాం, రాతకోతలెందుకు" అనేవారికి ఒకటే మాట: ఇంటి మనిషికి నాగా కోత ఉండదు. పనివారికి ఇంతకు మించి జీతం ఇవ్వరాదని ఫోను బృందాల్లో రేటు కట్టే అపార్ట్‌మెంటు సంఘాలు, అదే ఉత్సాహంతో సెలవుల సంగతి తేల్చవచ్చు. ఒక్కో బ్లాకుకు ఒక్కో రోజు సెలవు వేసుకుంటే ఎవరి ఇంటి పనీ ఆగదు.

సెలవిస్తే అలుసవుతుందని భయపడేవారు ఒకటి గమనించాలి. అడిగే హక్కు లేని చోటే అబద్ధాలు పుడతాయి. బతికున్న మేనత్త ఏడాదికి రెండుసార్లు చనిపోతుంది. ఫలానా రోజు తనదని తెలిసిన మనిషి రేషను కార్డు పనీ ఆస్పత్రి పనీ ఆ రోజుకు పెట్టుకుంటుంది, యజమానురాలికీ ముందే తెలుస్తుంది.

ఇంకొక చిక్కుంది. ఆదివారం సెలవని చెప్పి, ఆ రోజు బిర్యానీ గిన్నెలూ చుట్టాల కంచాలూ సోమవారానికి దాచిపెట్టే ఇళ్లున్నాయి. అది సెలవు కాదు, వాయిదా. కాలెండరులో ఆ ఆదివారం కింద ఇంటూ గుర్తు బదులు సెలవు అని రాసిన తర్వాత, ఆ పూట గిన్నెలు ఎవరు తోమాలన్నది ఆలుమగలు తేల్చుకోవాల్సిన విషయం.