వైన్ గ్లాసులున్నాయి, కుక్కర్ లేదు

ఊటీ కాటేజీవాళ్లు అంతంత అద్దె తీసుకునేదే ‘అన్ని వసతులున్న కిచెన్’ అని చెప్పి. తీరా అల్మారా తెరిస్తే తళతళలాడే వైన్ గ్లాసులున్నాయి గానీ కుక్కర్ లేదు.

ఊరేమో 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 92, 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, చాలాసేపు పలుకుపలుకుగానే ఉంటుంది. కొండ మీద ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకి ఈ మాత్రం తెలియదా? పొయ్యి చూస్తే ఇండక్షన్, గిన్నెలు చూస్తే అల్యూమినియంవి. కుయ్ కుయ్‌మంటుంది తప్ప వేడెక్కదు. కేర్‌టేకర్‌ని అడిగితే, ‘కింద హోటలుంది సార్, ఫోన్ చేస్తే తెచ్చిస్తారు’ అంటూ మెనూ కార్డు చేతిలో పెట్టాడు. ఓహో, అదా సంగతి!

అమ్మకి షుగర్, హోటల్ తిండి పడదు. కిచెన్ ఉన్న ఇల్లు వెతికింది అందుకేగా! మార్కెట్లో క్యారెట్, క్యాబేజీ, బీట్‌రూట్ అప్పుడే తెచ్చినట్టు నిగనిగలాడుతుంటాయి. కానీ కాటేజీలో ఉన్న కత్తికి టమాటా తొక్కే తెగదు, ఇక బీట్‌రూట్ ఏం తెగుతుంది? పైగా చిటికెడు పోపు కోసం నూనె, ఉప్పు, పసుపు, ఆవాలు అన్నీ కొత్త ప్యాకెట్లే కొనాలి. (మిగిలినవి వదిలేసి వస్తే ఎవరింటికి చేరతాయో అడక్కండి.) చివరికి పెరుగు, అటుకులతో సరిపెట్టుకున్నాం.

‘ఇంటి నుంచి చిన్న కుక్కర్ పట్టుకెళ్లాల్సింది’ అని ఇప్పుడు చుట్టాలందరి సలహా. మరి ఆ అద్దె దేనికి కట్టినట్టు?