రెండున్నర సెకన్ల తపస్సు

లోకంలోని ఆటలన్నిటిలోకీ మనసుకి అత్యంత కఠిన పరీక్ష పెట్టేది పది పిన్నుల బౌలింగేనని నా నిశ్చితాభిప్రాయం. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. మిగతా ఆటల్లో ఓడినవాడికి చెప్పుకోవడానికి ప్రత్యర్థి అంటూ ఒకడుంటాడు. కాలు అడ్డం పెట్టేవాడో, బంతి లాక్కునేవాడో, ముక్కు మీద గుద్దేవాడో. ఇక్కడి ప్రత్యర్థి వెనకాల కుర్చీలో కూర్చుని తన బంతిని తువ్వాలుతో తుడుచుకుంటూ ఉంటాడు. పిన్నులా, అంటే బంతి దొర్లించి పడగొట్టాల్సిన సీసాల్లాంటి ఆ పది దిమ్మలా, 60 అడుగుల దూరంలో ఎక్కడ పెడితే అక్కడే నిలబడి ఉంటాయి. పక్కకి జరగవు, వంగవు, వెక్కిరించవు. బంతి దొర్లే బాట, అదే లేన్, దాని వెడల్పు నిన్న 41.5 అంగుళాలు, రేపూ అంతే. ఇంత నిజాయితీ ఉన్న ఏర్పాటులో కూడా ఓడిపోయిన మనిషి, ఆ ఓటమికి తాను కాని కారణం వెతకాలంటే ఎంత మేధస్సు కావాలి! ఆ మేధస్సుకే మర్యాదగా మెంటల్ గేమ్ అని పేరు.

దీని మీద కోచ్‌లు చాలా చెబుతారు. ఊపిరి నిదానంగా తీసుకో. పిన్నుల్ని చూడకు, బౌలర్ కాలు దాటకూడని గీత, అదే ఫౌల్ లైన్, దాని తర్వాత 15 అడుగుల దగ్గర లేన్ మీదున్న బాణం గుర్తుల్ని చూడు. ప్రతిసారీ అదే వరసలో అదే పని చెయ్యి. ఇందాకటి బంతిని మరిచిపో. మంచి మాటలే, కాదనను. కానీ ఇవన్నీ బంతి చేతిలో ఉండగా చెయ్యాల్సిన పనులు. అసలైన పోటీ బౌలర్ తన మనోబలాన్ని అంత ముందుగా ఖర్చుపెట్టుకోడు. బంతి చేతిలో ఉన్నంతసేపూ అతని బుర్ర స్కోర్‌బోర్డు మీదో, పక్క లేన్ వాడి కొత్త షూ మీదో తిరుగుతూ ఉంటుంది. ఏకాగ్రత అనేది బంతి చెయ్యి వదిలిన క్షణాన పుట్టుకొస్తుంది.

గంటకి 17, 18 మైళ్ల వేగంతో వెళ్లే బంతి పిన్నుల్ని చేరడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. ఆ రెండున్నర సెకన్లలో మనిషి చేసే తపస్సు చూడాలి. కుడిచేతి వాటం బౌలర్‌నే తీసుకోండి. బంతి లేన్ మీది నూనెలో జారుకుంటూ పోయి, చివర్లో నూనె లేని చోట పట్టు దొరికించుకుని ఎడమకి తిరగాలి. తిరిగి ఒకటో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్యనున్న సందులో దూరాలి. బంతి తిరగట్లేదు. దాంతో మనవాడు తిరుగుతాడు. ఒంటికాలి మీద నిలబడి, నడుము ఎడమకి వాల్చి, కుడిచేత్తో గాల్లో ఎవర్నో పక్కకి నెడుతుంటాడు. "తిరుగు, తిరుగు, తిరగవే తల్లీ!" తల్లి మనసు కరిగి కాస్త ఎక్కువే తిరిగిందనుకోండి, నడుము వెంటనే కుడికి. "చాలు, చాలమ్మా, చాలన్నానా!" ఏడు కిలోల బంతికి ఉన్న మూడు కన్నాలూ వేళ్ల కోసమే గానీ వినడం కోసం కాదని ఆ సమయంలో అతనికి ఎవరు చెప్పగలరు? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదని పెద్దలన్నారు. ఆ పెద్దలు బౌలింగ్ ఆడి ఉండరు. ఈ ఆటలో ఆకులు పట్టుకోవడమే ప్రధాన విద్య. ఆ తన్మయత్వంలో కాలు ఫౌల్ లైన్ దాటిందా, అక్కడి యంత్రం కుయ్యిమంటుంది, ఆ బంతికి పడ్డ పిన్నులన్నీ సున్నా. యంత్రాలకి భక్తి అంటే ఏం తెలుసు?

ఇక పదో పిన్ను. కుడి పక్క చివరి మూలన ఉంటుంది. దాని గురించి ఒక పురాణమే రాయొచ్చు. బంతి సరిగ్గా సందులోకే దూరింది, చప్పుడు కూడా స్ట్రైక్ చప్పుడే, అంటే ఒకే బంతికి పది పిన్నులూ పడే చప్పుడే, తొమ్మిది పిన్నులు చెల్లాచెదురయ్యాయి. పదోది పడాలంటే పక్కనున్న ఆరోది వచ్చి దాన్ని తగలాలి. ఆ ఆరోది ఏం చేస్తుందంటే, గాల్లోకి లేచి, పదో పిన్ను మెడ చుట్టూ ప్రదక్షిణ చేసి, వెంట్రుకవాసిలో తప్పుకుని లేన్ పక్కనున్న కాలువలో, అదే గట్టర్లో పడుకుంటుంది. దీనికి కారణం లేకపోలేదు. బంతి వచ్చి తగిలిన కోణంలోనో, తగిలిన చోటులోనో రవ్వంత తేడా వచ్చినా ఆరో పిన్ను దారి మారిపోతుంది. అయితే ఆ క్షణంలో బౌలర్‌కి భౌతికశాస్త్రం పట్టదు, న్యాయశాస్త్రం కావాలి. గిరుక్కున వెనక్కి తిరిగి, రెండు అరచేతులూ చాచి, బెంచీ మీదున్న జట్టు ముందు ఫిర్యాదు దాఖలు చేస్తాడు. జట్టు ముక్తకంఠంతో "ఘోరం బ్రదర్!" అని సాక్ష్యం చెబుతుంది. చెప్పక తప్పదు, ఇంకో పది నిమిషాల్లో వాళ్లకీ సాక్షులు కావాలి.

తర్వాతి ఫ్రేములో (ఒక్కో ఆటకి పది వంతులు, ఒక్కో వంతు ఒక ఫ్రేము) అదే మనిషి బంతి అదుపు తప్పి అడ్డంగా తిరుగుతుంది. రావాల్సిన సందు వదిలేసి, అవతలి వైపు ఒకటికీ రెండుకీ మధ్య పోయి గుద్దుతుంది. పదికి పదీ పడతాయి. దీన్ని బ్రూక్లిన్ అంటారు. ఇప్పుడు కోర్టు లేదు, సాక్షులు లేరు. తల కొంచెం వంచి, చెయ్యి కొంచెం ఎత్తి, పెళ్లిలో పొరపాటున వేరేవాళ్ల పంక్తిలో కూర్చున్నవాడిలా ఓ చిరునవ్వు పారేసి వచ్చి కూర్చుంటాడు. అలా దక్కిన స్ట్రైకుని "నాది కాదు, వెనక్కి తీసుకోండి" అన్నవాడు మాత్రం ఇంతవరకు పుట్టలేదు. నిలబడ్డ పిన్ను కుట్ర, పడ్డ పిన్ను ప్రతిభ. ఈ పద్దు రాయడం వచ్చినవాడికి మెంటల్ గేమ్ సగం వచ్చినట్టే.

మిగతా సగం నూనె. లేన్ మీద పూసే ఆ నూనె పొర కంటికి ఆనదు. ఆడలేక మద్దెల ఓడన్నవాడికి కనీసం మద్దెల కనిపించేది, ఎవరైనా వాయించి చూసి తేల్చే ప్రమాదం ఉండేది. ఇక్కడ మద్దెలే అదృశ్యం. పైగా వచ్చిన చిక్కల్లా ఏంటంటే, బౌలర్ చెప్పేది అబద్ధం కాదు. బంతులు దొర్లేకొద్దీ నూనె నిజంగానే తరుగుతుంది, కొంత ముందుకి కొట్టుకుపోతుంది. మొదటి ఆటలో తిరిగినట్టు మూడో ఆటలో బంతి తిరగదు. అది పసిగట్టి నిలబడే చోటు, నేల మీది సన్నని చెక్క పలకల లెక్కన, రెండు పలకలు అటో ఇటో మార్చుకునేవాణ్ని ప్రొఫెషనల్ అంటారు. మన వీరుడు ఒక్క బంతి దారి తప్పగానే నిలబడే చోటు, చూసే గుర్తు, వేగం, బంతి అన్నీ ఒకేసారి మార్చేస్తాడు. తర్వాత ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో ఆ నూనెకే తెలియాలి.

లెక్క కట్టే పద్ధతి కూడా మనసుని కుదురుగా ఉండనివ్వదు. స్ట్రైక్ కొడితే పదికి తోడు వచ్చే రెండు బంతుల పిన్నులూ కలుస్తాయి. అంటే ఈ క్షణం కొట్టినదాని విలువ ఈ క్షణం తెలియదు. కర్మ సిద్ధాంతాన్ని ఇంత స్పష్టంగా అమలు చేస్తున్న ఆట మరోటి నాకు తెలియదు. వరసగా ఆరు స్ట్రైకులు పడితే బెంచీ మీద అందరూ మౌనవ్రతం పడతారు. పలకరిస్తే పాపం, అభినందిస్తే మహాపాపం. ఈ ఊపు అనేదంతా భ్రమేనని 1985లో బాస్కెట్‌బాల్ లెక్కలతో మనస్తత్వవేత్తలు తేల్చారు. 2004లో ఇద్దరు పరిశోధకులు ప్రొఫెషనల్ బౌలర్ల స్కోర్లు తిరగేసి, బౌలింగ్‌లో మాత్రం స్ట్రైకుల వెంట స్ట్రైక్ పడే అవకాశం ఎక్కువే ఉంటోందన్నారు. బౌలర్లు రెండోదాన్ని గుండెకి హత్తుకున్నారు. స్ట్రైక్ తప్పాక తర్వాతిదీ తప్పే అవకాశం ఎక్కువన్న అర్థం కూడా అందులోనే ఉందని వాళ్లకి గుర్తుచేసి స్నేహాలు పాడు చేసుకోకండి.

చరిత్ర వైపు చూద్దాం, ఇలాంటి వ్యాసాల్లో చూడకపోతే గౌరవం ఉండదు. 1991లో, ప్రొఫెషనల్ బౌలర్ల పోటీ ఫెయిర్ లేన్స్ ఓపెన్ ఫైనల్. చివరిదైన పదో ఫ్రేములో డెల్ బల్లార్డ్ జూనియర్ రెండు స్ట్రైకులు కొట్టేశాడు. చివరి బంతికి ఏడు పిన్నులు పడితే టైటిల్ అతనిది. ప్రపంచస్థాయి ఆటగాడికి ఏడు పిన్నులు! బంతి నేరుగా గట్టర్లోకి పోయింది. ఇల్లలకగానే పండగ కాదని తెలుసు గానీ, అలికిన ఇంట్లోనే జారిపడొచ్చని ఆ రోజు తెలిసింది. టైటిల్ పీట్ వెబర్‌కి పోయింది. అదే వెబర్ 2012 యూఎస్ ఓపెన్ ఫైనల్లో చివరి బంతికి స్ట్రైక్ పడితేనే గెలుపు అన్న స్థితిలో నిలబడ్డాడు. కొట్టాడు, ఒక్క పిన్ను తేడాతో, 215–214తో గెలిచాడు. గెలిచి గొంతు చించుకుని ఏమన్నాడో తెలుసా? "నువ్వెవరనుకుంటున్నావ్? నేనే!" దీనికి అర్థం ఏ వ్యాకరణవేత్తా ఇంతవరకు చెప్పలేకపోయాడు. నీతో నువ్వు సానుకూలంగా మాట్లాడుకోవాలని క్రీడా మనస్తత్వవేత్తలు పుస్తకాలకి పుస్తకాలు రాశారు. అయిదో యూఎస్ ఓపెన్ గెలిచిన మనిషి చేసింది కర్తా కర్మా లేని కేక.

2011 టోర్నమెంట్ ఆఫ్ చాంపియన్స్ సెమీఫైనల్ ఇంకా విచిత్రం. మికా కోయివునియెమి పూర్తి స్కోరు 300కి ఒక్కటి తక్కువగా 299 కొడితే టామ్ డాహెర్టీ సరిగ్గా 100 కొట్టాడు. 199 పిన్నుల తేడా. ఆ రాత్రి ఇద్దరిలో ఎవరికి నిద్ర పట్టి ఉండదంటే, నా ఓటు 299 ఆయనకే. పన్నెండో స్ట్రైక్ ఒక్క పిన్నులో పోయినవాడికి ఆ పిన్ను జీవితాంతం పక్కలోనే పడుకుంటుంది. 200 పోగొట్టుకున్నవాడికి ఏ పిన్నుకని ఏడవాలో తెలియదు, అదొక స్వేచ్ఛ. ఆ వంద కొట్టినాయనే 2021లో ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం (పీబీఏ) వరల్డ్ చాంపియన్‌షిప్ గెలిచాడు మరి.

1979లో రాబర్ట్ క్రౌట్, రాబర్ట్ జాన్‌స్టన్ అనే పరిశోధకులు బౌలింగ్ లేన్ల దగ్గర కూర్చుని ఆటగాళ్ల ముఖాలు అదేపనిగా గమనించారు. (ఉద్యోగమంటే అలా ఉండాలి.) స్ట్రైక్ పడ్డా పిన్నుల వైపు చూస్తూ నవ్వేవాళ్లు చాలా అరుదట. స్నేహితుల వైపు తిరిగాకే నవ్వు మొలుస్తుందట. మనోనిబ్బరమంతా మనలోనే ఉందని చెప్పే కోచ్‌లకి ఇది రుచించకపోవచ్చు. నా చూపులో మాత్రం అది బెంచీ మీద, మన నీళ్ల సీసా పక్కన కూర్చుని ఉంటుంది.

బంతి వదిలాక వంకర్లు పోకుండా, ముగింపు భంగిమలో కదలకుండా నిలబడి అది ఎటు పోయిందో చూసి నేర్చుకోమని కోచ్‌ల చివరి సలహా. ఆచరిస్తే ఆట బాగుపడుతుందేమో గానీ చూసేవాళ్ల గతేం కావాలి? అందుకని నియమావళి రాసేవారికి ఒక ప్రతిపాదన. స్కోర్‌బోర్డులో ఇప్పుడున్న అంకె పక్కన ఇంకో గడి పెట్టండి. మొదటిది పడ్డ పిన్నులకి, రెండోది పడాల్సిన పిన్నులకి. రెండో గడి నింపే అధికారం పూర్తిగా బౌలర్‌దే. విజేతను దాన్నిబట్టే ప్రకటించాలి. అప్పుడు అందరికీ 300 వస్తుందే, టై ఎలా తెంచాలని అడుగుతారని తెలుసు. దానికీ దారుంది. ఎవరి లేన్‌లో నూనె ఎక్కువ అన్యాయం చేసిందో చెరో అయిదు నిమిషాలు వాదించుకోమందాం. ఆ అంకంలో మాత్రం ఎవరి బంతీ గట్టర్లోకి పోదు.