ఆ ఉతుకు చిట్కాల మెసేజ్ పంపినవాళ్ళందరికీ

ఈ వారంలో ఇది నాలుగోసారి. ముందు పెద్దమ్మ పంపింది, తర్వాత ఆఫీసు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆఖరికి పదో తరగతి బ్యాచ్. 'కెమికల్స్ లేని ఉతుకు, భూమాతకు మేలు, కరెంటు ఆదా' అంటూ ఆరు చిట్కాలు, కింద నాలుగు ఆకుపచ్చ ఆకులు, మూడు దండాలు. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

మొదటిది, వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే డిటర్జెంటే అక్కర్లేదట. కలపగానే బుస్సుమని పొంగుతుంది, ముచ్చటగానే ఉంటుంది. ఆ పొంగు గోలీ సోడాలో ఉండే కార్బన్ డయాక్సైడే. అది కాస్తా పోయాక మిగిలేది కొంచెం సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్ళు. ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి, కాలరు మీద జిడ్డు మాత్రం క్షేమంగా ఉంది. మన చాకిరేవుల్లో చౌడుతో ఉతికారు గానీ, అందులో పులుపు పోసి పాడుచేసుకోలేదు.

రెండోది, రంగు దిగకుండా రాళ్ళుప్పు. అద్దేటప్పుడు రంగు నూలుకి పట్టడానికి ఉప్పు వాడతారు, నిజమే. అద్దకమే సరిగ్గా లేని చీరని ఇంటికొచ్చాక ఉప్పునీళ్ళలో ముంచితే రంగూ పోతుంది, ఉప్పూ పోతుంది.

మూడోది, మెషీన్‌లో నిమ్మచెక్క వేస్తే సువాసన. వేసుకోండి. గింజలు ఫిల్టర్‌లోంచి మీరే ఏరుకోండి.

నాలుగోది. అసలు ఇదంతా రాస్తున్నది దీనికోసమే. 'తెల్లబట్టలు మల్లెపూలలా మెరవాలంటే బకెట్‌లో అరకప్పు బ్లీచ్, అరకప్పు వెనిగర్.' అయ్యా, బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. దానికి ఆమ్లం తగిలితే వచ్చేది క్లోరిన్ గ్యాస్. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం సిలిండర్లు తెరిచి వదిలింది దీన్నే. వాళ్ళు కనీసం కింద ఆకులు పెట్టలేదు.

పెద్దమ్మ ఇది పంపి ఊరుకోలేదు, చేసి కూడా చూసింది. కిటికీ లేని బాత్రూం, తలుపు దగ్గరికేసి, పెదనాన్న బనియన్లు రెండు బకెట్‌లో వేసి. "కళ్ళు భగ్గుమన్నాయిరా, దగ్గు ఆగితే ఒట్టు. మరకలు వదులుతున్నాయి కాబోలు అనుకున్నా" అంది ఫోన్లో. బకెట్ అక్కడే వదిలేసి బయటికి వచ్చింది కాబట్టి సరిపోయింది. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేలబారునే పేరుకుంటుంది. మనం ఉతికేదేమో చిన్న పీట మీద కూర్చుని, బకెట్ మీదికి వంగి! వెనిగర్ బదులు నిమ్మరసం పోసినా, బ్లీచ్ బదులు బ్లీచింగ్ పౌడర్ వేసినా ఇదే వరస. టాయిలెట్ కడిగే యాసిడ్ అయితే ఇంకా ఘోరం. ఘాటు తగిలిందంటే బనియన్ల సంగతి తర్వాత, ముందు బయటపడండి.

ఐదోది, వేడినీళ్ళలో ఉతికితే కరెంటు ఆదా అట. ఎవరి కరెంటు? 20 లీటర్ల నీళ్ళని 30 డిగ్రీల నుంచి 60కి తేవడానికే 0.7 యూనిట్ కావాలి. వేడినీళ్ళ ఉతుకులో ఎక్కువ కరెంటు మింగేది మోటారు కాదు, హీటరు. అయినా ఏప్రిల్ మధ్యాహ్నం బెజవాడలో కుళాయి తిప్పితే ట్యాంకు నీళ్ళు వంటిమీద పోసుకోలేనంత వేడిగా వస్తుంటే, వాటిని మళ్ళీ కాచమంటారేంటి? జబ్బుపడ్డ మనిషి దుప్పట్లకైతే 60 పెట్టుకోండి, కాదనను.

ఆరోదాన్ని కూడా ఏకిపారేద్దామనే కూర్చున్నాను. డబ్బా మీద రాసినదాంట్లో సగం పౌడర్ చాలట. మాది బోరు నీళ్ళు, సగానికి ఏం మురికి పోతుంది! వాదన గెలవడానికే నెల్లాళ్ళు సగం వేసి చూశాను. ఆఫీసు చొక్కాలు ఎప్పటిలాగే వచ్చాయి. నల్ల ప్యాంట్ల మీద తెల్లచారలు పోయాయి, నురగ పోవట్లేదని రెండోసారి జాడించే పనీ తప్పింది. మావాడి క్రికెట్ బట్టలకి మాత్రం చాలలేదు. సరే, ఈ ఒక్కటీ ఒప్పుకుంటున్నాను.

పెద్దమ్మకి ఫోన్ చేసి ఆ ముక్క చెప్పాను కూడా. "చూశావా, అందులో ఉన్నది నిజమే" అని ఆ మెసేజ్ మళ్ళీ గ్రూపులో పెట్టింది. నాలుగోదానితో సహా.