మ్యాప్‌లో అసలు నిర్ణయాలు ఇటరేటర్ చేతిలోనే

వంద బిల్లుల జాబితా ఉంది. ప్రతి బిల్లుకూ 18 శాతం జీఎస్టీ కలిపి కొత్త మొత్తాలు రాబట్టాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈ పనికి మ్యాప్ అనే ఫంక్షన్ ఉంది, అది జాబితాలోని ప్రతి అంశం మీదా మనమిచ్చిన ఫంక్షన్‌ను నడుపుతుంది. పన్ను లెక్కగట్టే ఫంక్షన్‌నీ, బిల్లుల జాబితానీ దానికి అందిస్తే చాలు, ఒక్క లైనులో పని అయిపోతుంది. వచ్చిన ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకుని కూడి చూడండి, సరైన అంకె వస్తుంది. అదే వేరియబుల్‌ను రెండోసారి కూడండి, సున్నా వస్తుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ప్రోగ్రామ్ ఆగకుండా ముందుకెళ్తుంది, రిపోర్టులో సున్నా అచ్చవుతుంది.

ఎందుకిలా అంటే, మ్యాప్ మన చేతికిచ్చింది జాబితా కాదు, ఇటరేటర్. జాబితా పుస్తకం అనుకుంటే ఇటరేటర్ అందులో పెట్టుకున్న గుర్తు కాగితం. ఎంతవరకు చదివామో చెబుతుంది, చదివేకొద్దీ ముందుకు జరుగుతుంది. మొదటి కూడికే ఆ కాగితాన్ని చివరి పేజీ దాటించేసింది. రెండో కూడికకు చదవడానికి ఏమీ మిగల్లేదు.

మన దగ్గర మ్యాప్‌ను ఎక్కువగా ఫర్ లూప్‌కి (ఒక్కో అంశం మీదా అదే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్‌కి) షార్ట్‌కట్‌గా నేర్పుతారు. లూప్ రాస్తే నాలుగు లైన్లు, మ్యాప్ రాస్తే ఒకటి, అక్కడితో పాఠం అయిపోతుంది. నా దృష్టిలో లైన్లు తగ్గడం మ్యాప్‌లో అన్నిటికన్నా చిన్న విషయం. మనం పంపిన ఫంక్షన్ ఏం చేస్తుందో చదివితే తెలిసిపోతుంది. అది ఎప్పుడు నడుస్తుంది, ఎన్నిసార్లు నడుస్తుంది, అసలు ‘ఒక అంశం’ అంటే ఏది అన్నవి మాత్రం ఆ లైనులో కనిపించవు. వాటిని నిర్ణయించేది ఇటరేటర్. అది లోపల స్థితి ఉన్న, ఆ స్థితి మారుతూ పోయే ఒక ఆబ్జెక్ట్. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ క్లాసుల్లో ఇన్‌హెరిటెన్స్‌కి (ఒక క్లాసు ఇంకో క్లాసు లక్షణాలు తెచ్చుకోవడానికి) ఇచ్చే సమయంలో సగమైనా దీనికి ఇవ్వాలి.

మ్యాప్ ఆలోచన ఆబ్జెక్టుల కంటే పాతది. లిస్ప్ భాష గురించి దాని సృష్టికర్త జాన్ మెకార్తీ 1960లో ప్రచురించిన పత్రంలోనే మ్యాప్‌లిస్ట్ అనే ఫంక్షన్ ఉంది. అక్కడ ఇటరేటర్ లేదు, జాబితా వెంట రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటూ) వెళ్లి కొత్త జాబితా కట్టి ఇవ్వడమే. 1970ల్లో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం తయారుచేసిన క్లూ భాష ఇటరేటర్లను భాషలోనే భాగం చేసింది. స్మాల్‌టాక్-80 అనే భాష ఇంకో దారి పట్టింది. అక్కడ కలెక్షన్‌కే (జాబితాలాంటి సముదాయానికే) ‘కలెక్ట్’ అని మెసేజ్ పంపుతాం, తనలో తాను తిరిగే పని అదే చూసుకుంటుంది. 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం ఈ తేడాను స్పష్టంగా విడదీసింది. నడక (ఒక్కో అంశం దాటుకుంటూ వెళ్లడం) వాడేవాడి చేతిలో ఉంటే ఎక్స్‌టర్నల్ ఇటరేటర్, ఇటరేటర్ చేతిలోనే ఉంటే ఇంటర్నల్ ఇటరేటర్.

జావా భాషలో ఇటరేటర్ల చరిత్ర మొత్తం ఈ రెండింటి మధ్య ప్రయాణమే. 1998లో జావా 1.2తో వచ్చిన ఇటరేటర్‌లో ‘ఇంకా ఉందా?’ అని అడగడం, ‘తర్వాతిది ఇవ్వు’ అనడం మన పనే. 2004లో జావా 5 ఫర్-ఈచ్ లూప్ తెచ్చింది కానీ అది కూడా లోపల అదే. 2014లో జావా 8 స్ట్రీమ్స్‌తో నడక లైబ్రరీ (భాషతోపాటు వచ్చే రెడీమేడ్ కోడ్) చేతికి వెళ్లింది. జాబితాను ముక్కలు చేసి వేర్వేరు ప్రాసెసర్ కోర్లకు పంచాలంటే నడక లైబ్రరీ చేతిలో ఉండి తీరాలి. మనం ఒక్కొక్కటే అడుగుతూ ఉంటే అది దేన్నీ పంచలేదు. ఈ మార్పు కోసం జావా ఇంటర్‌ఫేస్‌లనే, అంటే ఒక క్లాసులో (ఆబ్జెక్టులకు నమూనాగా రాసే కోడ్‌లో) ఏయే మెథడ్స్ (దాని ఫంక్షన్లు) ఉండాలో చెప్పే ఒప్పందాలనే, సవరించుకుంది. లేకపోతే కలెక్షన్ ఇంటర్‌ఫేస్‌కి స్ట్రీమ్ అనే కొత్త మెథడ్ చేర్చగానే అప్పటికే దాన్ని అమలు చేస్తున్న క్లాసులన్నీ విరిగిపోయేవి. ఇంటర్‌ఫేస్‌లోనే కోడ్ రాసిపెట్టే డిఫాల్ట్ మెథడ్స్ రావడానికి ఇదొక పెద్ద కారణం.

మళ్లీ ఆ సున్నా దగ్గరికి వద్దాం. ఒకసారి మ్యాప్ చేసినదాన్ని రెండోసారి నడిపితే ఏం జరగాలి? మూడు ప్రధాన భాషలు మూడు రకాలుగా జవాబిస్తాయి. పైథాన్ చడీచప్పుడు లేకుండా ఖాళీ ఇస్తుంది. జావా స్ట్రీమ్ ఎక్సెప్షన్ (మామూలు నడకను ఆపే సంకేతం) విసురుతుంది, ఈ స్ట్రీమ్‌ను ఇప్పటికే వాడేశారని మొహం మీదే చెబుతుంది. సీ షార్ప్‌లో 2007 నుంచి ఉన్న లింక్ (LINQ) లైబ్రరీలో మ్యాప్ పని చేసేది సెలెక్ట్. అది ఇచ్చినదాన్ని రెండోసారి నడిపితే సాధారణంగా మళ్లీ మొదటి నుంచి మొదలై, ఫంక్షన్‌ను ప్రతి అంశం మీదా ఇంకోసారి నడుపుతుంది. ఫలితం సరిగ్గానే వస్తుంది కానీ ఆ ఫంక్షన్ డేటాబేస్‌ను అడిగేదైతే ప్రశ్నలన్నీ రెండింతలవుతాయి. ఈ-మెయిల్ పంపేదైతే కస్టమర్‌కి రెండు మెయిళ్లు వెళ్తాయి.

ఈ మూడింట్లో జావా పద్ధతి నాకు అన్నిటికన్నా నిజాయితీగా కనిపిస్తుంది. తప్పు జరిగిన చోటే ప్రోగ్రామ్ ఆగుతుంది. సీ షార్ప్ పద్ధతి ఖరీదైనది, అయినా ఫంక్షన్ బయట దేన్నీ మార్చకుండా శుభ్రంగా ఉంటే జవాబు తప్పు కాదు. పైథాన్‌ది ప్రమాదకరం. తప్పు అంకె ఒప్పు అంకెలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి అది ఎక్కడో ఆఖరి రిపోర్టులో బయటపడుతుంది, అప్పటికి మూలం వెతకడం పెద్ద టెన్షన్.

అలాగని బద్ధకపు (లేజీ, అంటే అడిగేదాకా లెక్క చేయని) మ్యాప్ వద్దని నేను అనడం లేదు. అడిగినప్పుడే లెక్క చేయడం వల్ల వచ్చే లాభం పెద్దది. కొన్ని గిగాబైట్ల లాగ్ ఫైలులో మొదటి పది ఎర్రర్లు కావాలంటే ఫైలు మొత్తం మెమొరీలోకి లాగక్కర్లేదు, పదోది దొరకగానే ఆగిపోవచ్చు. అంతు లేని వరుస మీద కూడా మ్యాప్ నడపొచ్చు. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2005లో మ్యాప్‌ను భాష నుంచే తీసేద్దామని ప్రతిపాదించారు. చివరికి అది మిగిలింది, 2008 డిసెంబరులో పైథాన్ 3.0తో జాబితా బదులు ఇటరేటర్ ఇవ్వడం మొదలైంది. ఆ నిర్ణయం సరైనదే. అయితే అదే పైథాన్‌లో రేంజ్ కూడా బద్ధకంగానే పనిచేస్తుంది, దాన్ని మాత్రం ఎన్నిసార్లయినా నడపొచ్చు. అడిగిన ప్రతిసారీ అది కొత్త ఇటరేటర్ పుట్టించి ఇస్తుంది. మ్యాప్ తానే ఇటరేటర్ కాబట్టి ఒక్కసారికే పరిమితం. బద్ధకంగా ఉండటం, ఒక్కసారికే పనికిరావడం ఒకటి కావు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలామంది మ్యాప్ అంటే భయపడి, వచ్చిన ప్రతిదాన్నీ వెంటనే జాబితాగా మార్చేస్తున్నారు.

దీన్నిబట్టి క్లాసు రాసేవాళ్లు ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. మెథడ్ లోపల మ్యాప్‌ను ఎంత బద్ధకంగానైనా వాడుకోండి. మెథడ్ బయటికి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక్కసారికే అయిపోయే ఇటరేటర్ ఇవ్వొద్దు. డేటా చిన్నదైతే జాబితా ఇవ్వండి. పెద్దదైతే రేంజ్‌లాగా అడిగిన ప్రతిసారీ కొత్త ఇటరేటర్ ఇచ్చే చిన్న ఆబ్జెక్ట్ రాసి ఇవ్వండి. తీసుకున్నవాడు దాన్ని ఎన్నిసార్లు నడుపుతాడో మీకు తెలియదు, అది ఒక్కసారికే అయిపోతుందని గుర్తుంచుకునే బాధ్యత అతని మీద వేయకూడదు.

ఇక ఎన్నిసార్లు నడుస్తుందన్న ప్రశ్నకు ‘అసలు నడవకపోవచ్చు’ అన్నది కూడా ఒక జవాబే. జావా 9 నుంచి, జాబితా మీద స్ట్రీమ్ తెరిచి మ్యాప్ చేసి చివర్లో కౌంట్ అడిగితే, మీ ఫంక్షన్ ఒక్కసారి కూడా నడవకపోవచ్చు. మ్యాప్ చేసినా అంశాల సంఖ్య మారదు, జాబితా పొడవు ముందే తెలుసు, కాబట్టి లైబ్రరీ నేరుగా అంకె చెప్పేస్తుంది. మ్యాప్ ఫంక్షన్ లోపల డేటాబేస్‌లో రాయడమో, కౌంటర్ పెంచడమో పెట్టినవాళ్లకు ఇది పిడుగులాంటి వార్త. కానీ లైబ్రరీది తప్పు కాదు. మ్యాప్‌కి ఇచ్చే ఫంక్షన్ ఇన్‌పుట్ తీసుకుని అవుట్‌పుట్ ఇవ్వాలి, అంతే. బయటి ప్రపంచాన్ని మార్చే పని ఉంటే ఫర్ లూప్ రాయాలి. ఆ పనికి లూప్ పాతకాలపు పద్ధతేమీ కాదు, సరైన పద్ధతి.

ఫంక్షన్‌కీ ఇటరేటర్‌కీ మధ్య గోడ పలుచగా ఉన్న చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. పైథాన్‌లో వరుస అయిపోయిందని ఇటరేటర్ చెప్పే తీరు స్టాప్ఇటరేషన్ అనే ఎక్సెప్షన్. మనం పంపిన ఫంక్షన్ లోపలి నుంచే పొరపాటున ఆ ఎక్సెప్షన్ బయటికి వస్తే, ఉదాహరణకు అందులో ఓ ఖాళీ ఇటరేటర్ మీద నెక్స్ట్ పిలిస్తే, మ్యాప్ దాన్ని ‘వరుస అయిపోయింది’ అనే అర్థం చేసుకుంటుంది. మిగిలిన అంశాలు మౌనంగా మాయమవుతాయి. జనరేటర్లలో (విలువలు ఒక్కొక్కటిగా ఇచ్చే ఫంక్షన్లలో) ఈ సమస్యను పైథాన్ 3.7 సరిదిద్ది రన్‌టైమ్ ఎర్రర్‌గా మార్చింది. మ్యాప్‌కి ఆ రక్షణ లేదు. రెండు జాబితాల మీద ఒకేసారి మ్యాప్ నడిపినప్పుడు చిన్నది అయిపోగానే ఆగిపోవడం కూడా ఇలాంటిదే. అయితే దానికి 2025లో వచ్చిన పైథాన్ 3.14 స్ట్రిక్ట్ అనే ఆప్షన్ ఇచ్చింది. పొడవులు సరిపోకపోతే ఎర్రర్ వస్తుంది. నా మాట అడిగితే అది మొదటి నుంచీ డిఫాల్ట్‌గా ఉండాల్సింది. జావాస్క్రిప్ట్‌లో అయితే అరే (అక్కడి జాబితా) మీది మ్యాప్ మన ఫంక్షన్‌కి అంశంతోపాటు దాని స్థానాన్నీ పంపుతుంది. అందుకే ‘10’ అన్న స్ట్రింగ్ (అక్షరాల వరుస) మూడుసార్లున్న జాబితాకి, స్ట్రింగ్‌ను అంకెగా మార్చే పార్స్‌ఇంట్ ఇస్తే 10, నాన్ (NaN, ‘అంకె కాదు’), 2 వస్తాయి. స్థానాన్ని అది సంఖ్యామానం ఆధారమని అనుకుంటుంది.

ఫలితం ఏ రూపంలో రావాలన్నది ఇంకో తగువు. స్కాలా భాషలో సెట్ (ఏ విలువైనా ఒక్కసారే ఉండే సముదాయం) మీద మ్యాప్ చేస్తే సెట్టే వస్తుంది, 1, -1 ఉన్న సెట్‌కి మైనస్ గుర్తు తీసేసే ఫంక్షన్ ఇస్తే మిగిలేది ఒక్క 1. రూబీలో సెట్ మీద మ్యాప్ చేస్తే అరే వస్తుంది, రెండు 1లూ ఉంటాయి. రూబీ దారే నాకు నచ్చుతుంది. ఎన్ని అంశాలు లోపలికి వెళ్లాయో అన్నే బయటికి రావాలని మ్యాప్ దగ్గర ఎవరైనా ఆశిస్తారు.

‘ఒక అంశం’ అంటే ఏది అన్నది చివరికి ఉంచాను. తెలుగులో ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. ‘తెలుగు’ అనే స్ట్రింగ్ మీద పైథాన్‌లో మ్యాప్ నడిపితే ఫంక్షన్ మూడుసార్లు కాదు, ఆరుసార్లు నడుస్తుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము వేర్వేరు కోడ్ పాయింట్లు (కంప్యూటర్ ఒక్కో గుర్తుకూ ఇచ్చే సంఖ్యలు). స్విఫ్ట్ భాషలో స్ట్రింగ్ ఇటరేటర్ గ్రాఫీమ్ క్లస్టర్ల (చదివేవాళ్లకు ఒకే అక్షరంగా కనిపించే గుంపుల) లెక్కన నడుస్తుంది కాబట్టి మూడే వస్తాయి. ఫంక్షన్ అదే, స్ట్రింగ్ అదే, ఇటరేటర్ మారింది. ఒత్తులొస్తే ఇంకా చిక్కు. ‘అమ్మ’లో నాలుగు కోడ్ పాయింట్లు ఉన్నాయి. యూనికోడ్ (అన్ని లిపులనూ కంప్యూటర్‌లో రాసే ప్రమాణం) పాత నియమాల ప్రకారం అది అ, మ్, మ అని మూడు క్లస్టర్లు. తెలుగుతోపాటు కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. దాని ప్రకారం అ, మ్మ అని రెండు. అంటే ఏ లైబ్రరీ ఏ వెర్షన్ యూనికోడ్ వాడుతోందన్నదాన్నిబట్టి మన అక్షరాల లెక్క మారుతుంది.

ఇక్కడే ఇటరేటర్‌ను వేరే ఆబ్జెక్ట్‌గా ఉంచడం ఎంత లాభమో అర్థమవుతుంది. స్ట్రింగ్‌ను తీసుకుని అక్షరాలు ఒక్కొక్కటిగా ఇచ్చే ఒక క్లాసు రాసుకుంటే, పదంలో అక్షరాలు లెక్కపెట్టడానికీ, పదకేళి గళ్లు నింపడానికీ అదే మ్యాప్ ఏమీ మార్చకుండా పనికొస్తుంది. ఛందస్సు దగ్గరికొస్తే మాత్రం ఇంకో అడుగు వేయాలి. ‘అమ్మ’లో మొదటి అక్షరం హ్రస్వమే అయినా గురువు, ఎందుకంటే పక్కనున్నది సంయుక్తాక్షరం. అక్షరాన్ని ఒంటరిగా చూసే ఫంక్షన్ దాన్ని లఘువనే అంటుంది. ఫంక్షన్‌లో ఎన్ని షరతులు పెట్టినా ఇది తేలదు, పక్క అక్షరం దానికి కనిపించదు కదా. ఇటరేటరే జతలు ఇవ్వాలి: అ, మ్మ ఒక జత, మ్మ, ఖాళీ ఇంకో జత. పైథాన్ 3.10 నుంచి ఉన్న పెయిర్‌వైజ్ జతలు ఇస్తుంది కానీ చివరి అక్షరానికి జత కట్టదు. వరుస చివర ఒక ఖాళీ విలువ చేర్చి దానికి ఇస్తే ప్రతి అక్షరానికీ ఒక్కో జత వస్తుంది, గురులఘువులు తేల్చే ఫంక్షన్ ఆ జత మీద కొద్ది లైన్లలో అయిపోతుంది.